బువ్వతో పాటు మాట

(ఎల్లారెడ్డి ప్రాంతంలో దశాబ్దాల పాటు పనిచేసిన ఒక అంగన్‌వాడీ టీచర్ స్మృతిలో కామారెడ్డిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఇక్కడ కూర్చున్న చాలామందికి తెలుసు. పేరు అచ్చులో రావద్దని ఇంటివాళ్లు కోరారు కాబట్టి ఊరంతా పిలిచినట్టే నేనూ టీచరమ్మ అనే అంటాను. లింగంపేట దాటి ఎల్లారెడ్డికి పోయే దారిలో ఒక పల్లె. అక్కడ ఒక అద్దె ఇంటి ముందుగదిలో మొదలైన అంగన్‌వాడీని ఉద్యోగం ముగిసేదాకా ఆమే నడిపింది. చివరి ఏళ్లలో కేంద్రానికి వచ్చిన పిల్లల తల్లుల్లో కొందరు చిన్నప్పుడు ఆమె దగ్గర పలక పట్టినవాళ్లే. ఒక ఊరి పిల్లలను రెండు తరాలుగా తొలి అడుగు నుంచి చూసిన మనిషి ఆమె. పుస్తకాలు ముందేసుకుని పాఠాలు చెప్పే మాబోటి వాళ్లకు అంత చూపు ఎక్కడిది?

నేను శిశువికాసం బోధించేదాన్ని. విద్యార్థినులను వెంటబెట్టుకుని ఆమె కేంద్రానికి వెళ్తూండేదాన్ని. ఒక మధ్యాహ్నం, పిల్లలంతా తిని పడుకున్నాక, ఆమె ఒక పాప ఎదుగుదల కార్డు తీసి నా ముందు పెట్టింది. గీత పైకే పోతోంది. బరువులో లోపం లేదు. "మేడం, గుడ్డు తింటున్నది, బాలామృతం తింటున్నది. తూకమైతే వచ్చింది. మాటెందుకు వస్తలేదు?" అని అడిగింది.

పాపకు రెండేళ్లు దాటాయి. 'అమ్మా దా', 'బువ్వ వద్దు' అని రెండేసి మాటలు కలపాల్సిన వయసు. ఆ పాప 'అమ్మ' అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. చెవులు బాగున్నాయని డాక్టరు చూసి చెప్పాడు. ఇంట్లో ఆకలి లేదు, కొట్లాటలు లేవు. తండ్రి మస్కట్‌లో ఉంటాడు. తల్లి బీడీలు చుడుతుంది. నాయనమ్మ పొద్దున్నే కూలికి పోయి పొద్దుగూకి వస్తుంది. పాప రోజంతా తల్లి పక్కనే, చేతికందే దూరంలోనే ఉంటుంది.

కుటుంబ క్షేమం, మానవ సంబంధాలు, పిల్లల ఎదుగుదల అన్న పెద్ద పెద్ద మాటలు ఈ ఉపన్యాసం ఆహ్వానపత్రంలో ఉన్నాయి. నేను మాత్రం ఆ ఒక్క ప్రశ్ననే పట్టుకుని మాట్లాడతాను. ఎందుకంటే ఆ ప్రశ్నకు మన తెలుగు నేల మీదే, మన పల్లెల్లోనే జరిగిన పరిశోధన కొంత జవాబు చెప్పింది. ఆ సంగతి పరిశోధన పత్రికల్లో ఉంది. ఎల్లారెడ్డి దాకా రాలేదు.

పిల్లల తిండి గురించి మన దగ్గర జరిగినంత పని దేశంలో మరెక్కడా జరగలేదంటే అతిశయోక్తి కాదనుకుంటాను. 1918లో కూనూరులో చిన్నగా మొదలైన ప్రయోగశాల 1958లో హైదరాబాద్ తార్నాకకు వచ్చి జాతీయ పోషకాహార సంస్థగా పెరిగింది. ఆ సంస్థ హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో 1987 నుంచి 1990 దాకా ఒక పని చేసింది. 15 పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ మధ్యాహ్నం మక్క, సోయా పిండితో ఉప్మా వండిపెట్టారు. అంగన్‌వాడీ పథకం అప్పటికింకా చేరని మిగతా 14 పల్లెలను పోలిక కోసం చూశారు. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్లు వచ్చాక, 2003, 2005 మధ్య, మళ్లీ వెళ్లి కొలిచారు. ఉప్మా పెట్టిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. వాళ్ల రక్తనాళాల బిగువు తక్కువగా ఉంది, ఇన్సులిన్‌కు శరీరం మెరుగ్గా స్పందిస్తోంది. అంటే కడుపులో ఉన్నప్పుడు తల్లి తిన్న గిన్నెడు ఉప్మా పదిహేనేళ్ల తరవాత బిడ్డ గుండెను కాస్తోందన్న మాట. అంగన్‌వాడీలో గిన్నె పట్టుకుని నిలబడే ప్రతి తల్లికీ ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి భోజనం, ఆ గుడ్డు, ఆ పాలు దయాదానం కిందికి రావు. ఒక తరం ఆరోగ్యానికి అవే పునాది.

అయితే టీచరమ్మ ప్రశ్న ఈ లెక్కకు అందదు. ఆమె అడిగింది ఎత్తు గురించీ తూకం గురించీ కాదు.

దానికి దగ్గరగా వచ్చింది నల్లగొండ జిల్లాలో జరిగిన అధ్యయనం. పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్, ఆమె సహచరులు, అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయానికి చెందిన మార్గరెట్ బెంట్లీ తదితరులు కలిసి 60 పల్లెలు తీసుకున్నారు. ఫలితాలు 2013లో వచ్చాయి. పల్లెలను ఇరవై చొప్పున మూడు జట్లు చేశారు. మొదటి జట్టు ఊళ్లలో అంగన్‌వాడీ మామూలు సేవలే. రెండో జట్టులో వాటికి తోడు, ఆ ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి పక్షానికోసారి ఇళ్లకు పంపారు. వాళ్లు తల్లిపాలు ఎప్పటిదాకా ఇవ్వాలి, బువ్వ ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత చిక్కగా కలపాలి అంటూ 11 సంగతులు చెప్పారు. మూడో జట్టులో ఆ 11 సంగతులూ చెప్పి, మరో రెండు రకాల మాటలు చేర్చారు. మొదటివి తినిపించే తీరు గురించి 8: పాప మొహం తిప్పుకుంటే ఆగాలి, నోరు తెరిస్తే పెట్టాలి, కళ్లలోకి చూస్తూ కబుర్లు చెబుతూ పెట్టాలి, బలవంతంగా కుక్కకూడదు, ఇలాంటివి. రెండోవి ఆట గురించి ఇంకో 8, ఐదు మామూలు ఆటవస్తువులతో. పిల్లలకు మూడు నెలలప్పుడు మొదలుపెట్టి పదిహేను నెలలదాకా, ఏడాది పొడుగునా ఇదే పని.

ఏడాది చివర రెండో జట్టు పిల్లలూ, మూడో జట్టు పిల్లలూ మొదటి జట్టుకన్నా మెరుగైన తిండి తింటున్నారు. శక్తి, మాంసకృత్తులు, ఇనుము, జింకు ఎక్కువగా అందుతున్నాయి. ఎత్తు గిడసబారడం రెండో జట్టులో తగ్గింది. కానీ మానసిక ఎదుగుదలను బేలీ కొలమానంతో కొలిస్తే, మొదటి జట్టుకన్నా ముందున్నది మూడో జట్టు ఒక్కటే. సగటున 3.1 పాయింట్లు ఎక్కువ. మంచి తిండి మాత్రమే నేర్పిన రెండో జట్టులో ఆ తేడా రాలేదు.

ఇక్కడ కాసేపు ఆగుతాను. 3.1 పాయింట్లంటే పెద్ద అంకె ఏం కాదు. అది వచ్చిన తోవ చూడండి. ఖరీదైన మందు లేదు, కొత్త భవనం లేదు. ఊరి మనిషి ఒకరు పక్షానికోసారి వచ్చి, 'పాపతో మాట్లాడమ్మా, ఆమె చూపు ఎటు పోతోందో చూడమ్మా' అని చెప్పి, ఒక ఆటవస్తువు చేతిలో పెట్టి వెళ్లింది. బువ్వ పెట్టే చేయి అదే, బువ్వ అదే. పెట్టేటప్పుడు మాట చేరింది. పిల్ల బుద్ధి కదిలింది.

ఈ ఫలితంలో మింగుడుపడని ముక్క ఒకటుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. మూడో జట్టు తల్లులూ తిండి గురించి అవే మాటలు విన్నారు, పిల్లలూ బాగానే తిన్నారు. అయినా గిడసబారడంలో తగ్గుదల వాళ్లలో కనబడలేదు. దీనికి నాకు తోచే కారణం ఒకటుంది, దాన్ని నా ఊహగానే తీసుకోండి. ఆ తల్లుల మీద రెట్టింపుకు పైగా సందేశాలు పడ్డాయి. రోజు మాత్రం అందరికీ ఉన్నంతే ఉంది. మడిగట్టు మీదికి పోవాలి, వంట చెయ్యాలి, నీళ్లు మోయాలి, అందులోనే పిల్లకు చిక్కటి బువ్వ వండాలి, ఆడించాలి. మనం చెప్పే ప్రతి మంచి సంగతీ ఆడమనిషి గంటల్లోంచే కోత కోస్తుంది. కుటుంబ క్షేమం గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఈ లెక్క వెయ్యరు. నా ఉపన్యాసమంతా ఈ లెక్క గురించే.

నల్లగొండ ఫలితం ఒంటరిది కాదని చెప్పడానికి ఒక్క ముక్కలో జమైకా మాట. 1986, 87ల్లో కింగ్‌స్టన్ పేదవాడల్లో గిడసబారిన 129 మంది పసిపిల్లలను తీసుకుని, కొందరి ఇళ్లకు వారానికి ఒక గంట ఆరోగ్య కార్యకర్తను పంపి రెండేళ్లు తల్లీబిడ్డలను ఆడించారు. శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ మొదలుపెట్టిన పని అది. ఇరవై ఏళ్లకు ఆ పిల్లలు పెద్దవాళ్లై పనుల్లో కుదిరాక చూస్తే, ఆటపాటలు అందినవాళ్ల సంపాదన అందనివాళ్లకన్నా 25 శాతం ఎక్కువ. పాలపొడి మాత్రమే అందినవాళ్లలో ఆ తేడా నిలవలేదు.

ఇక మన ఊళ్లకు వద్దాం.

2016 అక్టోబర్ 11న నిజామాబాద్ నుంచి విడిపోయి కామారెడ్డి జిల్లా అయింది. కామారెడ్డి, బాన్సువాడ, ఎల్లారెడ్డి మూడూ డివిజన్ కేంద్రాలు. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ మన గడప దగ్గరే ఉన్నా దాని కాలువ కిందికి, బాన్సువాడ, బోధన్ వైపు పారుతుంది. పోచారం ప్రాజెక్టు నీళ్లతో నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి పొలాలు కొంత తడుస్తాయి. గాంధారి, లింగంపేట, మాచారెడ్డి మెరక ఊళ్లకూ తండాలకూ బోర్లే దిక్కు. బోరు ఎండిన ఏడాది మగవాళ్లకు రెండే దారులు: హైదరాబాద్ అడ్డా, లేకపోతే గల్ఫ్ వీసా. ఆడవాళ్లకు ఇంట్లో కూర్చుని చేసుకునే పని ఒకటుంది, అది బీడీ. ఉత్తర తెలంగాణలో వలస, బీడీ కలిసి ఇంటిని ఎలా మార్చాయో మీకు నేను చెప్పక్కర్లేదు. పిల్లల ఎదుగుదల వైపు నుంచి మాత్రం చెప్పాలి.

బీడీ చుట్టే తల్లిని దగ్గరగా చూద్దాం. రాత్రే తునికాకు తడిపి గుడ్డలో మూటగట్టి పెడుతుంది. పొద్దున్నే రేకు ముక్క కొలతగా పెట్టి కత్తెరతో ఆకు కత్తిరిస్తుంది. ఒళ్లో చాట. చాటలో ఒక పక్క ఆకు, ఒక పక్క తంబాకు, దారం ఉండ. ఆకు అరచేతిలో పరిచి, తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం బిగించాలి. ఇరవై అయిదు అయితే కట్ట. వెయ్యి బీడీలకు పది గంటలు పడతాయనుకుందాం. ఒక్కో బీడీకి 36 సెకన్లు. పక్కన కూర్చున్న పాప ఆకు తుంట చేతిలో పట్టుకుని 'త్తత్త' అంటుంది. తల్లి తలెత్తి చూసి, నవ్వి, 'ఆకు బిడ్డా, ఆకు, పచ్చగున్నది చూడు' అనడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం వెల ఒక బీడీ. పాప రోజుకు వందసార్లు పిలుస్తుంది. కూలి వెయ్యికి లెక్కగట్టే పనిలో, కంపెనీ నెలలో కొన్ని రోజులే పని ఇచ్చే పనిలో, ఆ తల్లి తల వంచుకునే ఉంటే అది ఆమె ప్రేమలోని లోటు కాదు. కూలి కట్టిన తీరు అలాంటిది.

మన ఇళ్లలో మాటకు కొదవేముంది, అరుగు మీద నలుగురు ఆడవాళ్లు కూర్చుని కబుర్లాడుకుంటూనే చుడతారు కదా, పిల్ల వింటూనే ఉంటుంది కదా అని మీరు అడగవచ్చు. నన్ను విద్యార్థులు కూడా అడిగారు. 2013లోనే అచ్చైన ఒక అధ్యయనం కోసం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు స్పానిష్ మాట్లాడే 29 పేద కుటుంబాల్లో, పందొమ్మిది నెలల పిల్లల చుట్టూ రోజంతా వినబడే మాటలను యంత్రంతో నమోదు చేశారు. పిల్లతో నేరుగా అన్న మాటలు ఎక్కువున్న ఇళ్లలో పిల్లలకు రెండేళ్లకు ఎక్కువ మాటలు వచ్చాయి. పెద్దలు తమలో తాము మాట్లాడుకుంటుంటే చెవిన పడ్డ మాటలకు అలాంటి ఫలం లేదు. పిల్లకు మాట రావాలంటే మాట తన వైపు తిరగాలి, తన కూతకు బదులుగా రావాలి. టీచరమ్మ చూపించిన పాప ఇంట్లో మాటలకు లోటు లేదు, తన వైపు తిరిగిన మాటలకే లోటు.

చేతులు ఖాళీ లేకపోయినా నోరు ఖాళీగానే ఉంటుంది కదా అని కూడా అనిపిస్తుంది. నిజమే. గాంధారి వైపు ఒక ఇంట్లో నేను చూశాను. తల్లి కట్ట కట్టినప్పుడల్లా, దూరంగా చాప మీద కూర్చున్న మూడేళ్ల కూతురు 'ఎన్నయినయే?' అని అడిగేది. 'నువ్వే చెప్పు' అనేది తల్లి. ఆ పిల్ల బడికి పోకముందే ఇరవై అయిదు దాకా తడుముకోకుండా లెక్కపెట్టింది. ఆ తల్లి కూతుర్ని చాటకు దూరంగా కూర్చోబెట్టడం కూడా గమనించండి. తంబాకు దుమ్ము పసిపిల్లల ఊపిరికి మంచిది కాదని ఆమెకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఇలాంటి ఇళ్లున్నాయి. అయితే ఆ ఇంట్లో అత్తగారు వంట చూసుకుంటుంది, నీళ్లు పడుతుంది. ఒక మనిషి ఆసరా ఉన్న తల్లికి సాధ్యమైనదాన్ని, ఒంటరి తల్లి మీద ధర్మంగా రుద్దడానికి నేను ఒప్పుకోను.

చట్టాలు చేసినవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం, ఎక్కువమంది ఆడవాళ్లు పనిచేసే కార్ఖానాలో పిల్లలను చూసుకునే గది ఉండాలని రాసింది. తరవాత చుట్టే పని కార్ఖానాలోంచి ఇంటికి వచ్చేసింది. పిల్లల గది మాత్రం ఇంటికి రాలేదు. కంపెనీకి గది ఖర్చు తప్పింది, ఆ బరువు తల్లి ఒళ్లో చాట పక్కన పడింది. 2015లో మన రాష్ట్రం బీడీ కార్మికులకు జీవనభృతి ఇవ్వడం మొదలుపెట్టింది, అది చాలా ఇళ్లను నిలబెట్టింది. ఆ డబ్బు ఇల్లు గడవడానికి సరిపోతుంది. పిల్లతో గడపడానికి కావలసిన గంటలను మరో దారిలో వెతకాలి.

గల్ఫ్ సంగతికి వస్తాను. 2018లో లాన్సెట్ పత్రికలో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. అమ్మో నాన్నో పరాయిచోటికి పనికి పోగా ఇంటి దగ్గర మిగిలిపోయిన పిల్లల మీద జరిగిన 111 అధ్యయనాలను, మొత్తం 2,64,967 మంది పిల్లల వివరాలను ఒక్కచోట చేర్చి చూశారు. అలాంటి పిల్లల్లో దిగులు, ఆందోళన, చావాలన్న తలపులు, పోషకాహార లోపం ఎక్కువగా ఉన్నాయనీ, ఆరోగ్యం వైపు నుంచి చూస్తే లాభం ఏదీ కనబడలేదనీ తేల్చారు. దీన్ని మన ఊళ్లకు అతికించే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ 111లో 91 చైనావే. అక్కడ తల్లీ తండ్రీ ఇద్దరూ పట్నాలకు పోయి పిల్లలు తాతల దగ్గర ఉండిపోయిన ఇళ్లు ఎన్నో. మన దగ్గర సాధారణంగా తండ్రి ఒక్కడే పోతాడు, తల్లి ఇంట్లోనే ఉంటుంది. ఆ తేడా చిన్నది కాదు. కేరళలో తిరువనంతపురంలోని అభివృద్ధి అధ్యయన కేంద్రం 1998లో వలస సర్వేలు మొదలుపెట్టింది. అంతకుముందే, 1993లో, మగవాళ్లు గల్ఫ్‌కు పోయిన ఇళ్లలో ఆడవాళ్ల బతుకు గురించి లీలా గులాటీ పుస్తకం రాశారు. ఇంటి పెత్తనం, బ్యాంకు పని, పిల్లల చదువు మీద పడ్డప్పుడు కొందరు ఆడవాళ్లు ఎంత ఎదిగారో, మరికొందరు ఎంత నలిగారో ఆమె ఇల్లిల్లూ తిరిగి చూపించారు. నేను మన ఊళ్లలో చూసిందీ అదే. ఎల్లారెడ్డిలో బ్యాంకు ముందు వరసలో నిలబడి తన పేరు తానే రాసుకునే కోడళ్లలో కొందరు, పెళ్లినాటికి బస్సెక్కడానికి కూడా తోడు వెతుక్కున్నవాళ్లు.

అప్పు చేసి వీసా కొన్న తండ్రి మొదటి ఏళ్ల జీతమంతా మిత్తికే పోతుంది. ఆ ఇంట్లో పిల్లకు గల్ఫ్ అంటే డబ్బు కాదు, అమ్మ మొహంలో భయం. తండ్రి రెండేళ్లకోసారి సెలవు మీద వస్తే పిల్ల తల్లి కొంగు చాటుకు పోతుంది. నెల రోజుల్లో చేరువ అవుతుంది, అప్పుడే ఆయన తిరుగు ప్రయాణం. ఈ నొప్పికి మందు నా దగ్గర లేదు. చేతనైనది ఒకటుంది, చెబుతాను.

ఇప్పుడు ప్రతి ఇంట్లో ఇమో ఉంది, బోటిమ్ ఉంది, వాట్సాప్ ఉంది. సాయంత్రం కాల్ వస్తుంది. తండ్రి 'మంచిగున్నవా బిడ్డా, తిన్నవా, అమ్మను సతాయిస్తున్నవా' అని అడుగుతాడు. పిల్ల తలూపుతుంది. ఫోన్ తల్లి చేతికి పోతుంది. మిగతా మాటలన్నీ అప్పుల గురించి. 2014లో అమెరికా నుంచి ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. రెండేళ్ల వయసు పిల్లలకు కొత్త క్రియా పదాలను మూడు విధాలుగా నేర్పారు: ఎదురుగా కూర్చుని, వీడియో కాల్‌లో, ముందే తీసిన వీడియోతో. ఎదురుగా కూర్చున్నప్పుడూ, వీడియో కాల్‌లోనూ పిల్లలు నేర్చుకున్నారు. తీసిపెట్టిన వీడియోతో నేర్చుకోలేదు. బొమ్మలో ఉన్న మనిషి తన కూతకు బదులు పలికితే పిల్లకు చాలన్న మాట, ఆ మనిషి ఏడు సముద్రాల అవతల ఉన్నా సరే. రెండేళ్ల పిల్లకు యూట్యూబ్ పెట్టి కూర్చోబెట్టడం ఒకటి, మస్కట్‌లో ఉన్న తండ్రితో మాట్లాడించడం పూర్తిగా మరొకటి. తండ్రులకు మనం చెప్పవలసింది ఇది: ప్రశ్నలు వేయకండి. పిల్ల ఏ వస్తువు తెచ్చి తెర ముందు పెడితే దాని గురించి మాట్లాడండి. గిన్నె తెస్తే గిన్నె గురించి, కోడిపిల్లను తెస్తే కోడిపిల్ల గురించి. ఈ సంగతి చెప్పాల్సిన చోటు గల్ఫ్‌కు పోయేముందు తండ్రి పత్రాలు తయారుచేసుకునే దగ్గరే. పాస్‌పోర్ట్, మెడికల్, బీమా గురించి చెప్పేటప్పుడు, ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఈ నాలుగు ముక్కలు కూడా చెప్పగలిగితే ఎంత బాగుంటుంది.

కొట్టడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తీరిక లేని ఇంట్లో చేయి తొందరగా లేస్తుంది. చలం 'బిడ్డల శిక్షణ' రాసి ఎన్ని దశాబ్దాలైంది! పిల్లల్ని కొట్టే హక్కు పెద్దలకు లేదని తెలుగులో అంత గట్టిగా చెప్పిన పుస్తకం మనింట్లో ఉంది, మన అలవాట్లలో లేదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2002 నుంచి ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నడిపిన యంగ్ లైవ్స్ అధ్యయనంలో, ఎనిమిదేళ్ల పిల్లల్లో అత్యధికులు బడిలో దెబ్బలు తిన్నామని చెప్పారు. పక్కనున్న ఉమ్మడి కరీంనగర్ జిల్లా పిల్లలూ అందులో ఉన్నారు. మన రెండు రాష్ట్రాల్లో 3,000 మంది పిల్లలను పసితనం నుంచీ, బడివయసు నుంచీ పట్టుకుని ఇరవై ఏళ్లకు పైగా వెంట నడిచిన పని అది. ఇంత విలువైన సమాచారం మన పిల్లల నోటి నుంచి వచ్చింది కాబట్టి, మన ఉపాధ్యాయ శిక్షణలో దాన్ని మొదటి పాఠంగా పెట్టాలని నా కోరిక.

ఆ అధ్యయనమే నాకు ధైర్యం కూడా ఇచ్చింది. 2002, 2003 కరువు గుర్తుంది కదా. ఆ కరువులో పసితనం గడిపిన పిల్లల ఎదుగుదల దెబ్బతింది. అయితే తరవాత బడిలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లల్లో ఆ దెబ్బ చాలామటుకు పూడిందని పరిశోధకులు చూపించారు. మొదటి ఏడాదిలో గిడసబారిన పిల్లల్లో కొందరు ఎనిమిదేళ్లకు తేరుకున్నారనీ, తేరుకున్నవాళ్ల చదువు తేరుకోనివాళ్లకన్నా మెరుగ్గా ఉందనీ కూడా తేలింది. 'మూడేళ్లలో అయిపోయింది, ఇక ఏం చేసినా లేదు' అని తల్లులను బెదరగొట్టే మాటలు ఈమధ్య చాలా వినిపిస్తున్నాయి. మన పిల్లల లెక్కలే వాటిని ఒప్పుకోవడం లేదు. తొలి ఏళ్లు విలువైనవి, ఆ తరవాతి ఏళ్లూ విలువైనవే. టీచరమ్మ చూపించిన పాప కూడా కేంద్రానికి రోజూ రావడం మొదలుపెట్టిన కొన్ని నెలలకు మాటలు కూర్చింది. ఇప్పుడు బడిలో ఆమె నోరు మూయించడం కష్టమట. అది వినగానే నాకెంత సంతోషమైందో!

కానీ తేలిగ్గా ఊపిరి పీల్చుకునే పరిస్థితి కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు గిడసబారిన పిల్లలు 2015-16లో 28 శాతం ఉంటే 2019-21లో 33 శాతానికి పెరిగారు. అదే 2019-21 సర్వేలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతానికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు 23.5 శాతం. పదిహేడేళ్లకు తల్లయిన పిల్ల, తన ఎదుగుదలే పూర్తికాని పిల్ల, బిడ్డ కళ్లలోకి చూసి కబుర్లు చెప్పడం ఎవరి దగ్గర నేర్చుకుంటుంది?

అంగన్‌వాడీలో నేర్చుకోవాలి. సర్కారూ ఆ మాటే అంటోంది. పుట్టిన నాటి నుంచి మూడేళ్ల దాకా పిల్లలతో మాట, ఆట ఎలా సాగాలో చెప్పే 'నవచేతన' అన్న చట్రాన్ని, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు 'ఆధారశిల' అన్న పాఠ్యప్రణాళికను కేంద్ర ప్రభుత్వం 2024లో తెచ్చింది. రెండూ మంచి పత్రాలు, చదివాను, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. ఇప్పుడు అంగన్‌వాడీ టీచర్ రోజు చూడండి. పొద్దున పిల్లల హాజరు, ఫోన్‌లో ఫొటోలు, పోషణ్ ట్రాకర్‌లో నమోదు, పాలు గుడ్ల లెక్క, గర్భిణుల భోజనం, తూకాలు, సర్వే, ఎన్నికలొస్తే ఆ పని. మధ్యలో ఆయా లేని రోజు వంట కూడా ఆమెదే. ఇన్ని చేసిన మనిషిని మూడేళ్లలోపు పిల్లలున్న ప్రతి ఇంటికీ వెళ్లి తల్లి పక్కన అరగంట కూర్చోమంటున్నాం. నల్లగొండ అధ్యయనంలో ఆ పనికోసం ఊరి ఆడవాళ్లను వేరుగా తీసుకున్నారు, వాళ్లకు అదొక్కటే పని. మనం ఫలితం కావాలంటున్నాం, ఆ మనిషిని మాత్రం పెట్టడం లేదు. అంగన్‌వాడీ కేంద్రానికి ఒక రెండో కార్యకర్త, ఇళ్లకు తిరగడమే పనిగా ఉన్న మనిషి కావాలి. బీడీ పని ఎక్కువున్న ఊళ్లలో, వాడల్లో మూడేళ్లలోపు పిల్లలను పగలంతా చూసుకునే గది ఒకటి కావాలి, కంపెనీల ఖర్చుతో అయితే మరీ న్యాయం. టీచరమ్మ పాతికేళ్లు ఈ మాటే మీటింగుల్లో అడిగింది. ఆమె అడిగినవి రాసుకున్నారు. ఇచ్చిన దాఖలా లేదు.

చివరగా మన జిల్లా విద్యార్థులకు ఒక విన్నపం. భిక్కనూరులో తెలంగాణ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణం ఉంది. అక్కడి పిల్లల్లో చాలామంది బీడీ చుట్టిన తల్లుల బిడ్డలు, గల్ఫ్‌కు పోయిన తండ్రుల బిడ్డలు. కింగ్‌స్టన్ గురించీ, చైనా గురించీ నేను ఇవాళ చెప్పినట్టు, ఎల్లారెడ్డి గురించి ఎవరైనా చెప్పగలగాలి. తాడ్వాయి, లింగంపేట, గాంధారి, నాగిరెడ్డిపేట మండలాల్లో కొన్ని ఊళ్లూ కొన్ని తండాలూ తీసుకోండి. రెండేళ్ల పిల్లలున్న ఇళ్లలో తల్లి రోజు ఎలా గడుస్తుందో గంటగంటకూ రాయండి: ఎంతసేపు బీడీ, ఎంతసేపు నీళ్లు, ఎంతసేపు పొలం, పిల్ల వైపు తిరిగిన మాట ఎంతసేపు. నాయనమ్మ ఉన్న ఇల్లు, లేని ఇల్లు విడదీసి చూడండి. తండాల్లో లంబాడీ మాటలనే లెక్కలోకి తీసుకోండి, తెలుగు రాదని పిల్లకు మాట రాదని రాయకండి. తండ్రి ఫోన్ మాటలు కూడా రాయండి. తల్లి 'మా ఇంట్ల వద్దు బిడ్డా' అంటే నమస్కారం పెట్టి లేవండి. ఇల్లు ఎంత చిన్నదైనా అది ఆమె ఇల్లు. మళ్లీ ఏడాదికి వెళ్లండి, ఆ పై ఏడాది కూడా వెళ్లండి. లెక్కలు తేలాక పత్రికకు పంపే ముందు, ఆ అరుగుల మీదికే వెళ్లి, చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆ తల్లులకు తెలుగులో చదివి వినిపించండి. 'ఇది నిజమేనా అక్కా, ఎక్కడన్న తప్పు రాసినమా?' అని అడగండి. వాళ్లు దిద్దినవి దిద్దుకున్నాకే అచ్చుకు ఇవ్వండి.